గేదెలకు, కోళ్లకు, చేపలకు ఆల్గే మేత: ఎక్కడ గిట్టుతుంది, ఎక్కడ గిట్టదు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: నల్గొండ వైపు పది గేదెల డెయిరీ ఉంది. నలభై నాటుకోళ్లు, ఒక చిన్న నీటి కుంట, అర ఎకరం ఖాళీ నేల ఉన్నాయి. దాణా బిల్లు మోయలేకపోతున్నారు. స్పిరులినా అనే ఆల్గేలో (నీటిలో పెరిగే సూక్ష్మమైన నాచులో) 60 శాతానికి పైగా ప్రోటీన్ ఉంటుందని, ఎకరానికి సోయాకన్నా ఎన్నో రెట్లు దిగుబడి వస్తుందని వీడియోల్లో విన్నారు. తొట్లు కట్టి ఆల్గే పెంచుకుంటే నూనె తీసిన చెక్క (పల్లి చెక్క లాంటిది) కొనడం మానేయవచ్చా?

ముందు జవాబు చెప్పేస్తాను. గేదెల కోసమైతే వద్దు. కోళ్ల కోసం ఒక చిన్న తొట్టి వేసుకోండి, పనికొస్తుంది. కుంటలో చేపలు వదిలే ఆలోచన ఉంటే మాత్రం అక్కడ ఆల్గే పెంచి తీరాలి, అంత చవకైన మేత ఇంకొకటి లేదు. నేను కోస్తాలో రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీల ఆల్గే విభాగంలో పనిచేసినవాణ్ని, ఆ తర్వాత చేపల రైతులతో, స్పిరులినా తొట్లు పెట్టుకున్నవాళ్లతో తిరిగినవాణ్ని. ఎందుకిలా అంటున్నానో లెక్కలతో సహా చెబుతాను.

మీరు విన్న రెండు మాటలూ నిజమే. ఎండు స్పిరులినాలో ప్రోటీన్ 55 నుంచి 70 శాతం దాకా ఉంటుంది. మన ఎండలో, బాగా చూసుకున్న, పైన తెరిచి ఉన్న తొట్టిలో చదరపు మీటరుకు రోజుకు సుమారు 8 గ్రాముల ఎండు పదార్థం వస్తుంది. ఏడాదిలో 300 రోజులు పనిచేసినా ఎకరానికి 9 టన్నులు దాటుతుంది. సోయా మన దేశంలో ఎకరానికి అర టన్ను కూడా రాని చేలు చాలా ఉన్నాయి. పైగా ఆల్గేకు సారవంతమైన నేల అక్కర్లేదు, చవుడు నేలమీదైనా తొట్టి కట్టుకోవచ్చు. ఈ కారణాల వల్లే భవిష్యత్తు మేత ఇదేనని ప్రపంచమంతా దీని చుట్టూ తిరుగుతోంది. ఆ ఆశ తప్పని నేను అనను.

వీడియోల్లో చెప్పనిది నీళ్ల సంగతి. ఆల్గే పెరగడం కష్టం కాదు, దాన్ని నీళ్ల నుంచి విడదీయడం కష్టం. ముదురాకుపచ్చగా చిక్కగా కనిపించే స్పిరులినా తొట్టిలో కూడా లీటరు నీటికి ఉండేది అర గ్రాము నుంచి ఒక గ్రాము. మిగతాదంతా నీరే. గడ్డి కోస్తే చేతికి గడ్డే వస్తుంది. ఇక్కడ కిలో పొడి కావాలంటే వెయ్యి నుంచి రెండు వేల లీటర్లు బట్టలో వడకట్టాలి.

మీ పది గేదెలకే లెక్క వేద్దాం. ఒంటి పోషణకు, పాలకు కలిపి మీ మంద రోజుకు 40 కిలోల దాణా తింటుందనుకోండి. అందులో 20 శాతం ప్రోటీన్ అంటే 8 కిలోలు. అంత ప్రోటీన్ స్పిరులినా నుంచి రావాలంటే రోజుకు 13 కిలోల ఎండు పొడి కావాలి. దానికి సుమారు 1,650 చదరపు మీటర్ల తొట్లు కావాలి. మీ అర ఎకరంలో నడిచే దారులు, షెడ్డు పోగా దాదాపు అంతా తొట్లతోనే నిండిపోతుంది. 20 సెంటీమీటర్ల లోతు నింపితే 3 లక్షల 30 వేల లీటర్లు. స్పిరులినాకు క్షారపు నీరు కావాలి కాబట్టి లీటరుకు 8 గ్రాముల చొప్పున వంటసోడా కలిపినా మొదటిసారి నింపడానికే 2,600 కిలోల పైన సోడా పడుతుంది. పరిశోధనశాలల్లో వాడే జారౌక్ మాధ్యమంలోనైతే లీటరుకు 16.8 గ్రాములు, అంటే దీనికి రెట్టింపు. రోజూ వడకట్టాల్సిన నీరు 26,000 లీటర్ల దాకా. మే నెలలో నీటి మట్టం రోజుకు 8 మిల్లీమీటర్లు తగ్గితే ఆవిరై పోయేదే 13,000 లీటర్లు. నల్గొండ బోరుతో అది నడిచే పని కాదు.

ఎరువు లెక్క కూడా చూడండి. ఎండు స్పిరులినా బరువులో పదో వంతు నత్రజని. 13 కిలోలు తీస్తే 1.3 కిలోల నత్రజని తొట్టి నుంచి బయటికి పోయినట్టు, దాన్ని రోజూ తిరిగి వేయాలి. డ్రిప్పు రైతులు వాడే 13-0-45 (పొటాషియం నైట్రేట్) అయితే రోజుకు 10 కిలోలు. మీ ఎరువుల షాపులో దాని ధర అడిగి, అదే డబ్బుకు ఎంత చెక్క వస్తుందో పక్కన రాసుకోండి. నత్రజని ఒక్కదానికే చెక్క ఖర్చు దాటిపోతుంది. యూరియా చవకే, కానీ ఆ క్షారంలో యూరియా నుంచి పుట్టే అమ్మోనియా కాస్త ఎక్కువైతే తొట్టి మొత్తం ఒక్క రాత్రిలో పసుపెక్కి చస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు రోజూ చిటికెడు చిటికెడుగా వేసి నడుపుతారు. 1,650 చదరపు మీటర్ల మీద ఆ నిఘా పెట్టాలంటే అదే ఒక పూర్తి ఉద్యోగం.

ఆ తర్వాత ఎండబెట్టడం. బాగా పిండిన ముద్దలో కూడా ఐదింట నాలుగు వంతులు నీరే. కిలో పొడికి 4 లీటర్ల నీరు ఆవిరి కావాలి. కరెంటుతో చేస్తే ఏమాత్రం వృథా లేకపోయినా రెండున్నర యూనిట్లు. ఎండలో పరిస్తే కరెంటు మిగులుతుంది గానీ దుమ్ము, ఈగలు తప్పవు, కెరోటిన్ ఎండకు విరిగిపోతుంది. ఇందుకే మార్కెట్లో స్పిరులినా పొడి కిలో వందల రూపాయల్లో ఉంటుంది, పల్లి చెక్క పదుల్లో ఉంటుంది. మన దక్షిణాదిలోనే తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో ప్యారీ వాళ్లు ఎన్నో ఏళ్లుగా స్పిరులినాను పెద్ద ఎత్తున పండిస్తున్నారు. వాళ్ల సరుకు వెళ్లేది మనుషుల ఆరోగ్య ఉత్పత్తుల్లోకి, గేదెల కుడితి తొట్లోకి కాదు. ఆ ధరకు కొనేవాడు అక్కడే ఉన్నాడు.

గేదెల విషయంలో ఇంకో మాట. అంత ఖరీదైన ప్రోటీన్‌ను గేదె అలాగే వాడుకోదు. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు ముందు దాన్ని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి, దాంతో తమ ఒళ్లు పెంచుకుంటాయి, గేదె తర్వాత వాటిని జీర్ణం చేసుకుంటుంది. వరిగడ్డిని యూరియాతో మాగబెట్టి వేసినా పశువు బతకగలిగేది ఈ ఏర్పాటు వల్లే. నాసి నత్రజనిని మంచి ప్రోటీన్‌గా మార్చుకోగల జంతువుకు అత్యుత్తమ ప్రోటీన్ కొనిపెట్టడం డబ్బు వృథా. కోడికి, చేపకు, రొయ్యకు ఆ సౌకర్యం లేదు. తిండిలో ఏది ఉంటే అదే ఒంటికి పడుతుంది. ఆల్గే విలువ అక్కడ తెలుస్తుంది.

గేదెలకు మీ అర ఎకరంలో ఏం వేయాలంటే దశరథ గడ్డి వేయండి. హెడ్జ్ లూసర్న్ అని విత్తనాల షాపుల్లో అడిగినా ఇస్తారు. పప్పుజాతి కాబట్టి నత్రజని తనే తెచ్చుకుంటుంది, ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి కోసుకోవచ్చు. గట్ల మీద అవిసె పెట్టండి. వానాకాలంలో జొన్నతో కలిపి అలసంద చల్లండి. చెక్క ఖర్చు తగ్గించే దారి ఇది. తొట్లు కట్టే డబ్బుతో చాఫ్ కట్టర్ కొనుక్కున్నా మేలే.

ఇక ఆల్గే నిజంగా మేతగా నిలబడిన చోటు గురించి చెప్పాలి. అది ఆంధ్ర తీరంలోనే ఉంది, చాలామందికి తెలియదు. భీమిలి నుంచి నెల్లూరు దాకా ఉన్న రొయ్య హేచరీలు ఆల్గే లేకపోతే ఒక్క వారం కూడా నడవవు. వెనామీ రొయ్యకు 2009లో మన దేశంలో అనుమతి వచ్చాక ఆంధ్రప్రదేశ్ దేశంలోకెల్లా పెద్ద సాగుదారు అయింది. ఆ చెరువుల్లోకి వెళ్లే ప్రతి పిల్లా మొదటి ముద్దగా తిన్నది ఆల్గేనే.

గుడ్డు నుంచి వచ్చిన రొయ్య పిల్ల, నాప్లియస్, మొదటి ఒకటిన్నర రెండు రోజులు తనలో ఉన్న పచ్చసొన మీదే బతుకుతుంది. ఆ తర్వాత జోయియా దశకు మారి మొదటిసారి నోరు తెరుస్తుంది. దాని నోటికి పట్టేది కొన్ని మైక్రాన్ల సైజు. అంత చిన్నగా, బతికి, నీళ్లలో తేలుతూ, కొవ్వు ఆమ్లాలతో నిండి ఉండేది డయాటమ్ అనే ఒక రకం ఆల్గే. కీటోసెరోస్, థలాసియోసిరా, స్కెలిటోనిమా అనేవి హేచరీల్లో ఎక్కువగా వాడే పేర్లు. జపాన్‌లో మోటోసాకు ఫుజినాగా 1930లలో కురుమా రొయ్య పిల్లల్ని పెంచే పనిలో పడ్డప్పుడు, గుడ్లు పొదిగినా పిల్లలు నిలవని చిక్కుకు దారి చూపింది స్కెలిటోనిమానే. ఇవాళ్టి రొయ్యల పరిశ్రమ మొత్తం ఆ మేత మీద లేచింది.

హేచరీలో ఆల్గే పెంచే పద్ధతి మెట్లు మెట్లుగా ఉంటుంది. ఏసీ గదిలో టెస్ట్ ట్యూబుల్లో శుద్ధమైన తల్లి కల్చర్ (విత్తనంలా వాడే బతికున్న ఆల్గే) ఉంటుంది. అక్కడి నుంచి ఫ్లాస్కులకు, ఫ్లాస్కుల నుంచి 20 లీటర్ల కార్‌బాయ్‌లకు, అక్కడి నుంచి బయట టన్నుల తొట్లకు. ప్రతి మెట్టులోనూ శుద్ధి చేసిన సముద్రపు నీరు, గిల్లార్డ్ అనే శాస్త్రవేత్త రూపొందించిన ఎఫ్ బై 2 అనే పోషకాల మిశ్రమం. డయాటమ్ ఒంటి పెంకు సిలికాతో తయారవుతుంది కాబట్టి సోడియం మెటాసిలికేట్ వేయడం మర్చిపోతే ఎంత ఎండ, ఎంత ఎరువు ఉన్నా విభజన ఆగిపోతుంది. కణాలు జోరుగా రెట్టింపవుతున్న దశలోనే వాడాలి. ఒక రోజు ఆలస్యమైతే కల్చర్ ముదిరి, అడుగున కూర్చుని, దానిమీద విబ్రియో బ్యాక్టీరియా పెరగడం మొదలవుతుంది. ఆ నీళ్లు పిల్లల తొట్టిలో పోస్తే జబ్బును చేతులారా పోసినట్టే. అందుకే మంచి హేచరీలో ఆల్గే గది మనిషిది మిగతా అందరికన్నా బరువైన బాధ్యత. రాత్రి కూడా మైక్రోస్కోప్ దగ్గర నుంచి లేవనివ్వదు.

జోయియా తొట్టిలో మిల్లీలీటరుకు సుమారు లక్ష కణాలు ఉండేలా చూస్తారు. 10 టన్నుల తొట్టి అయితే, మిల్లీలీటరుకు 10 లక్షల కణాలున్న కల్చర్ ఒక టన్ను పోస్తే ఆ లెక్క కుదురుతుంది. ఇక్కడ గమనించండి: వడకట్టడం లేదు, ఎండబెట్టడం లేదు, సంచుల్లో నింపడం లేదు. నీళ్లతో సహా పోసేస్తారు. తిన్నదో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. కడుపు నిండిన జోయియా వెనకాల సన్నటి మలపు దారం తోకలా వేలాడుతుంది. బీకరులో తీసుకుని వెలుతురుకు పట్టి, దారాలు పొడుగ్గా ఉన్నాయని చూసుకున్నాకే టెక్నీషియన్‌కు టెన్షన్ తగ్గుతుంది.

చేపల చెరువులోనూ ఇదే సూత్రం, ఇంకా చవకగా. కొల్లేరు చుట్టుపక్కల రైతులు తవుడు ఎంత వేసినా, నీటి రంగు చూడకుండా రోజు మొదలుపెట్టరు. పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి సూక్ష్మ ఆల్గేను పెంచితే, దాన్ని చిన్న చిన్న జంతు ప్లవకాలు తింటాయి, వాటిని బొచ్చె తింటుంది. వెండి గండి చేప (సిల్వర్ కార్ప్) అయితే నేరుగా ఆల్గేనే మొప్పలతో వడకట్టుకుంటుంది. మనం బట్టతో, మోటారుతో, కరెంటుతో చేయలేక అవస్థపడే వడకట్టే పనిని చేప ఉచితంగా చేస్తుంది. ఆల్గే మేత గురించి నన్నెవరైనా అడిగితే ముందుగా చెప్పేది ఇదే: కోత మనం కోయాల్సిన చోట గిట్టదు, జంతువే కోసుకునే చోట గిట్టుతుంది.

కాబట్టి మీ కుంటలో ఏడాదికి ఏడెనిమిది నెలలు నీళ్లు నిలుస్తాయంటే, మీ డెయిరీ పేడకు అదే మంచి చోటు. పచ్చి పేడ కుప్పలుగా పడేయకండి. బయోగ్యాస్ ఉంటే దాని స్లర్రీ, లేకపోతే నీళ్లలో కలిపిన పేడ, కొద్దికొద్దిగా, నాలుగు రోజులకోసారి చల్లండి. చెయ్యి నిటారుగా నీళ్లలో పెట్టండి. మోచేతి దగ్గరకు మునిగేసరికి అరచెయ్యి కనబడకుండా పోతే ఆల్గే సరిగ్గా ఉన్నట్టు. మణికట్టు దగ్గరే కనబడకుండా పోతే ఎక్కువైనట్టు, వెంటనే పేడ ఆపండి. ఎందుకంటే పగలు ఆక్సిజన్ ఇచ్చే ఆల్గే రాత్రంతా దాన్నే పీల్చుకుంటుంది. మబ్బు పట్టి రెండు రోజులు ఎండ రాకపోతే తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అలా కనిపిస్తే ఆలోచించకుండా మోటారు పెట్టి నీళ్లు పైనుంచి చిమ్మించండి.

ఇప్పుడు కోళ్లు. నలభై కోళ్లకు రోజుకు 4 కిలోల మేత అనుకుంటే, అందులో 2 శాతం, అంటే 80 గ్రాముల ఎండు స్పిరులినాకు సమానమైనది చాలు. 10 చదరపు మీటర్ల తొట్టిలో అది వస్తుంది. పొడి చేయాల్సిన పని లేదు. వడకట్టి పిండిన పచ్చి ముద్ద 400 గ్రాములు నూకల్లో, తవుడులో కలిపి పొద్దున్నే వేసేయండి. మన వేడికి ఆ ముద్ద కొన్ని గంటల్లో కంపు కొడుతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే. పచ్చసొన వారం పది రోజుల్లో ముదురు రంగుకు మారుతుంది. పచ్చగడ్డి దొరకని వేసవిలో, కట్టేసి పెంచే కోళ్లలో తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. బయట తిరిగి ఆకులు, పురుగులు తినే కోళ్లలో పెద్ద తేడా రాదు, అది ముందే తెలుసుకోండి. పెద్ద లేయర్ ఫారాలవాళ్లు సొన రంగు కోసం బంతిపూల సారం వాడతారు, వాళ్ల లెక్కలో అది చవక.

తొట్టి గురించి. ఇటుకలు పేర్చి లోపల మందపాటి సిల్పాలిన్ షీటు పరిస్తే సరిపోతుంది, లోతు 20 సెంటీమీటర్లు. 10 చదరపు మీటర్లంటే 2,000 లీటర్లు. అందులో వంటసోడా 16 కిలోలు, అయొడిన్ కలపని ఉప్పు 10 కిలోలు, 13-0-45 నాలుగు కిలోలు, ఎప్సమ్ సాల్ట్ 400 గ్రాములు, 12-61-0 (మోనో అమ్మోనియం ఫాస్ఫేట్) ఒక 200 గ్రాములు, ఇనుప సల్ఫేట్ (అన్నభేది) 20 గ్రాములు. అన్నభేదిని నిమ్మరసంలో కరిగించి పోస్తే తుప్పులా పేరుకోకుండా నీళ్లలో నిలుస్తుంది. సూపర్ ఫాస్ఫేట్ మాత్రం ఇక్కడ వద్దు. అందులోని సున్నం క్షారపు నీళ్లలో తెల్లగా కింద పడిపోతుంది, ఫ్లోరైడ్, భార లోహాలు వెంట వస్తాయి. నీళ్లలో పూర్తిగా కరిగే రకం ఎరువులే వాడండి.

తల్లి కల్చర్ కొనేటప్పుడు మైక్రోస్కోప్‌లో చూపించమని అడగండి. స్ప్రింగుల్లా చుట్టలు తిరిగిన దారాలు కనబడాలి. గుండ్రటి పచ్చ చుక్కలే ఎక్కువుంటే అది క్లోరెల్లా అనే వేరే ఆల్గే కలిసిన సరుకు. క్లోరెల్లాకు మందమైన కణగోడ ఉంటుంది, కోడికి సరిగా అరగదు, బట్టలోనూ ఆగదు. స్పిరులినాకు ఆ గోడ లేదు, దారంలా పొడుగ్గా ఉంటుంది కాబట్టి 30 నుంచి 50 మైక్రాన్ల బట్టలో ఆగుతుంది. మేతకు ప్రపంచమంతా దీన్ని ఎంచుకున్నది అందుకే. ఆఫ్రికాలో చాద్ సరస్సు దగ్గర కనెంబు స్త్రీలు తరతరాలుగా దీన్ని చేతులతో తోడి, ఇసుకలో ఎండబెట్టి, దిహే అనే బిళ్లలుగా సంతలో అమ్ముకుంటున్నారు.

మొదటి వారం పైన 50 శాతం నీడ వల తప్పనిసరి. పలచటి కల్చర్ మీద నేరుగా ఎండ పడితే తెల్లబడి చనిపోతుంది. రోజుకు నాలుగైదుసార్లు మెత్తటి చీపురుతో కలపాలి. నీటి వేడి 30 నుంచి 37 డిగ్రీల మధ్య ఉంటే బాగా పెరుగుతుంది. మీ వైపు మేలో మధ్యాహ్నం 40 దాటుతుంది కాబట్టి నీడ వల వేసవంతా ఉంచండి. నీటి క్షారాన్ని చూపే పీహెచ్ 9.5కి పైన ఉంటే ఇతర ఆల్గే, పురుగులు అంత తేలికగా చేరవు. వాన నీరు పడితే ఉప్పు, సోడా పలచబడతాయి, ముసురు పట్టిన వారం పైన పాలిథిన్ కప్పు ఉండాలి. తెల్లటి బిళ్లను కర్రకు కట్టి ముంచితే 3 సెంటీమీటర్ల లోపే కనబడకుండా పోయేంత చిక్కబడ్డాకే తీయడం మొదలుపెట్టండి. తెల్లవారగానే తీయండి. రాత్రంతా పిండిపదార్థం ఖర్చుపెట్టుకుని ఉంటుంది కాబట్టి అప్పుడే ప్రోటీన్ శాతం ఎక్కువ. వడకట్టిన నీరు తిరిగి తొట్టిలోకే పోయాలి, లేకపోతే సోడా ఖర్చు తడిసి మోపెడవుతుంది. 80 గ్రాములు తీసిన రోజు 60 గ్రాముల 13-0-45 తిరిగి వేయాలి.

నల్గొండ కాబట్టి ఒక ముఖ్యమైన హెచ్చరిక. మీ జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. తొట్టి నుంచి ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని ఫ్లోరైడ్, సున్నం, ఉప్పు అక్కడే ఉండిపోతాయి. వేసవిలో రోజుకు నాలుగు శాతం నీరు ఆవిరై మళ్లీ బోరు నీళ్లే పోస్తే, 25 రోజుల్లో బోరు నుంచి వచ్చిన లవణాలు రెట్టింపవుతాయి. ముద్దను బట్టలోనే మంచి నీళ్లతో కడిగి, పిండి వేయాలి. ఆవిరైనదాన్ని భర్తీ చేయడానికి వీలైనంతవరకు కప్పు మీద పడ్డ వాన నీరు నిల్వ చేసి వాడండి. బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీటితో స్పిరులినా మొదలుపెట్టవద్దనే నా సలహా.

అజొల్లా గురించి మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి నేనే చెబుతాను. అది ఆల్గే కాదు, నీటి మీద తేలే ఫెర్న్. కానీ దాని ఆకుల లోపలి ఖాళీల్లో అనబీనా అనే నీలి ఆకుపచ్చ ఆల్గే కాపురం ఉండి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. అందుకే దానికి నత్రజని ఎరువు వేయాల్సిన అవసరం లేదు, చేత్తో జల్లెడపట్టి తీసుకోవచ్చు. వడకట్టే సమస్య ఉండదు. కన్యాకుమారి వివేకానంద కేంద్రానికి చెందిన నార్‌డెప్ దీన్ని పశువుల మేతగా బాగా ప్రచారంలోకి తెచ్చింది. వాళ్ల పద్ధతి తేలిక: 2.25 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు గుంతలో సిల్పాలిన్ పరిచి, 10 నుంచి 15 కిలోల జల్లించిన మట్టి, 2 కిలోల పేడ, 30 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 10 సెంటీమీటర్ల లోతు నీరు, అర కిలో నుంచి కిలో అజొల్లా విత్తనం. రెండు వారాల్లో రోజుకు అర కిలో పైన తీయవచ్చు. ఐదు రోజులకోసారి కిలో పేడ, 20 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్. చెట్టు నీడ లేకపోతే తెలంగాణ ఎండకు ఎర్రబడి మాడిపోతుంది.

దీనికీ లెక్క వేయాలి. పచ్చి అజొల్లాలో 93, 94 శాతం నీరు. గేదెకు 2 కిలోలు వేస్తే ఎండు పదార్థం 120 గ్రాములు, ప్రోటీన్ 30 గ్రాములు. పల్లి చెక్కలో అది డెబ్బై గ్రాములకు సమానం. కాబట్టి చెక్కకు బదులు కాదు. ఎండుగడ్డి మీదే గడిపే పశువులకు మాత్రం కెరోటిన్, ఖనిజాలు అందుతాయి. అజొల్లా వేశాక పాలు పెరిగాయని రైతులు చెప్పేది ఎక్కువగా ఇలాంటి మందల్లోనే. దశరథ గడ్డి పుష్కలంగా తినే గేదెకు అంత తేడా రాదు. మీకు ఓపిక ఉంటే కోళ్ల కోసం ఒకటి రెండు గుంతలు వేసుకోండి. స్పిరులినా కన్నా తక్కువ శ్రద్ధతో నడుస్తుంది.

సముద్రపు నాచు విషయం వేరు. ఆస్పరాగాప్సిస్ అనే ఎర్ర నాచును దాణాలో అర శాతం లోపు కలిపినా పశువు త్రేన్పుల్లో భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు బాగా తగ్గిందని ఆస్ట్రేలియాలో, కాలిఫోర్నియాలో చేసిన ప్రయోగాలు చూపించాయి. అందులోని బ్రోమోఫామ్ మీథేన్ పుట్టించే సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటుంది. భూమికి మంచిదే, పరిశోధన జరగాల్సిందే. మీ దాణా బిల్లును మాత్రం అది తగ్గించదు. సాల్మన్ చేపల మేత కోసం అమెరికా నెబ్రాస్కాలో 2019లో మొదలైన వెరామారిస్ కర్మాగారం కూడా ప్రోటీన్ కోసం కాదు, చేపనూనెలో ఉండే ఒమేగా-3 కోసం. అది కూడా ఎండలో కాదు, చీకటి ట్యాంకుల్లో చక్కెర పోసి పెంచుతారు.

చివరిగా ఒకటి, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఊరి చెరువులో, కుంటలో వేసవిలో పైన తేలే పచ్చ రంగు తెట్టును ఉచిత ఆల్గే అనుకుని ఎవరూ తీసి పశువులకు పెట్టకండి. అది చాలాసార్లు మైక్రోసిస్టిస్. దాని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఉడికించినా పోదు. అలాంటి నీళ్లు తాగి గొర్రెలు, పశువులు చనిపోవడం చాలా దేశాల్లో నమోదైంది. 2020లో బోట్స్‌వానాలో ఒకవాంగో ప్రాంతంలో 300కు పైగా ఏనుగులు చనిపోయినప్పుడు, నీటి గుంటల్లోని ఇలాంటి నీలి ఆకుపచ్చ ఆల్గే విషమే కారణమని అక్కడి ప్రభుత్వం చెప్పింది. మీ కుంటలో పచ్చ పెయింటు పోసినట్టు తెట్టు కడితే గేదెలను ఆ నీళ్లకు తోలవద్దు. గాలి తోసిన వైపు గట్టు దగ్గర విషం మరీ ఎక్కువగా పేరుకుంటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సిన వరుస చెబుతాను. ముందు బోరు నీటిని ఫ్లోరైడ్, కాఠిన్యం, మొత్తం లవణాలు, పీహెచ్‌లకు పరీక్ష చేయించండి. వానలు పడగానే దశరథ గడ్డి విత్తండి, దానికి నీటి పరీక్ష కోసం ఆగాల్సిన పని లేదు. కుంటలో నీరు నిలిచాక బొచ్చె, శీలావతి, వెండి గండి పిల్లల్ని కలిపి వదలండి, పేడ మోతాదు మోచేతి కొలతతో చూసుకోండి. స్పిరులినా తొట్టి వానాకాలం పోయాక, చలి మొదలయ్యే ముందు, 10 చదరపు మీటర్లకు మించకుండా మొదలుపెట్టండి. నీటి పరీక్ష ఫలితం వచ్చాక అంకెలు ఇక్కడే రాయండి. సున్నం ఎక్కువుంటే సోడా కలిపే వరుస మార్చాలి, అది ఆ అంకెలు చూసి చెబుతాను.